స్వాతికి, ఆ కెమారో వేలం గురించి

నోవై, మిషిగన్
ఆదివారం

చి. స్వాతికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. అల్లుడుగారిని, బుడ్డోడిని అడిగానని చెప్పు. ఆన్‌లైన్ వేలంలో ఉందని నువ్వు లింకు పంపిన 1969 షెవర్లే కెమారో కారుని నిన్న టొలీడో వెళ్ళి చూసొచ్చాను. ఫోన్లో చెబితే సగం విని "సరే నాన్నా, బిడ్ పెట్టేయనా?" అంటావని తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నా. వేలం ముగిసేది గురువారం మధ్యాహ్నం కదా, తీరిగ్గానే చదువు.

ముందు అసలు సంగతి. బండి బాగుంది. కానీ అది జెడ్/28 కాదు, అంటే కెమారోల్లో రేసు ఇంజన్‌తో వచ్చిన ఖరీదైన రకం కాదు.

అమ్మేవాడు అబద్ధం ఆడాడని కూడా అనలేం. ప్రకటన మళ్ళీ చదువు. "ఫ్యాక్టరీ జెడ్/28" అని ఎక్కడా లేదు. "జెడ్/28 బ్యాడ్జీలు, 302 ఇంజన్, ఫోర్ స్పీడ్ గేర్‌బాక్స్" అని ఉంది. మూడూ నిజమే (302 అంటే క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు). మిగతాది కొనేవాళ్ళే ఊహించుకుంటారని వదిలేశాడు. ఈ వేలాల్లో రాసినదానికంటే రాయనిదాన్నే ఎక్కువ శ్రద్ధగా చదవాలి.

ఇప్పటి కార్లకుండే 17 అక్షరాల విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్, 1981 మోడళ్ళతో వచ్చింది. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి దానిది. ఈ బండి నంబర్ 124379ఎన్ అని మొదలవుతుంది. 1 అంటే షెవర్లే, 24 అంటే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజనున్న కెమారో, 37 అంటే కూపే (రెండు డోర్ల బండి), 9 అంటే 1969, ఎన్ అంటే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ. అంతే. అది ఏ వీ8 అన్నది నంబర్ చెప్పదు. అదే ఫ్యాక్టరీలో మామూలు 350 ఇంజన్‌తో తయారైన కెమారో కూపేకీ, జెడ్/28కీ మొదటి ఏడు అక్షరాలూ ఒకటే. క్లోన్లు, అంటే మామూలు బండిని జెడ్/28లా మార్చిన నకళ్ళు, పుట్టుకొచ్చేది ఈ సందులోంచే. బ్యాడ్జీలు, హుడ్ మీద చారలు, చివరికి కౌల్ ట్యాగ్ (ఫ్యాక్టరీ వివరాలు కొట్టిన చిన్న రేకు) కూడా బజార్లో కొత్తవి దొరుకుతాయి.

అన్ని కంపెనీలకూ ఈ గొడవ లేదు. 1970 ప్లిమత్ కుడా అయితే విన్‌లో ఐదో అక్షరం ఆర్ ఉంటేనే 426 హెమీ ఇంజన్‌తో పుట్టిన బండి. పాంటియాక్ జీటీఓ 1966 నుంచి ప్రత్యేక మోడల్ కాబట్టి నంబర్ 242తో మొదలవ్వాలి. పైగా పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్ళకి రాస్తే ఫ్యాక్టరీ బిల్లు కాపీ పంపుతారు. మస్టాంగ్‌కి 1967 నుంచి మార్టీ రిపోర్ట్ ఉంది, ఫోర్డ్ సొంత రికార్డుల్లోంచి తీసి ఇస్తారు. షెవర్లేకే అమెరికాలో అలాంటి దిక్కు లేదు. కెనడాలో అమ్ముడైన బండ్లకు మాత్రం అక్కడి జనరల్ మోటార్స్ దగ్గర వివరాలున్నాయి. కాబట్టి షెవర్లే విషయంలో మొదటి యజమాని దాచుకున్న కాగితాలే ప్రాణం: డీలర్ ఇన్వాయిస్, విండో స్టిక్కర్, ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న రేకు వారంటీ కార్డు. మన గుంటూరులో స్థలం కొనేటప్పుడు తాతయ్య లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడందే అడ్వాన్సు ఇచ్చేవాడు కాదు. ఇదీ అంతే. వీడి దగ్గర ఒక్క కాగితమూ లేదు, టైటిల్ (బండి యాజమాన్య పత్రం) తప్ప. టైటిల్ మాత్రం శుభ్రంగా, వాడి పేరు మీదే ఉంది. అది చాలా ముఖ్యం. మధ్యలో ఎవరి పేరో ఉండి, వాళ్ళు సంతకం పెట్టి వదిలేసిన టైటిల్ అయితే అక్కడి నుంచే వెనక్కి తిరిగి వచ్చేవాణ్ణి.

ఇంక బండి దగ్గర చూసింది చెబుతా. ఇంజన్ బ్లాకు మీద ప్యాసింజర్ వైపు, సిలిండర్ హెడ్‌కి ముందు, ఆల్టర్నేటర్ వెనకాల చిన్న చదునైన పట్టీ ఉంటుంది. ఇంజన్ నంబర్ కొట్టేది అక్కడే. టార్చి వేసి, చేతి అద్దం పెట్టి చూశాను. డీజెడ్ అన్న అక్షరాలున్నాయి. 1969 జెడ్/28 ఇంజన్ కోడ్ అదే. కానీ ఫ్యాక్టరీలో ఆ పట్టీని చదును చేసినప్పుడు కట్టర్ వదిలే సన్నని గీతలు ముందు నుంచి వెనక్కి వరసగా కనబడాలి. ఇక్కడ ఒక్క గీత లేదు, నున్నగా అద్దంలా ఉంది. "ఓవర్‌హాల్ చేసినప్పుడు పోయుంటాయి" అన్నాడు. గీతలు పోతే నంబర్ కూడా పోవాలి కదా! తర్వాత కొట్టారన్నమాట. దాని పక్కన విన్ చివరి అంకెలూ కనబడలేదు.

అసలు రుజువు ఇంకోచోట దొరికింది. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) మీద ఏసీ గొట్టాలు వచ్చే కంతని ప్లేటుతో మూసి, పైన పెయింట్ కొట్టారు. ఈ బండి ఫ్యాక్టరీ నుంచి ఏసీతో వచ్చిందని అర్థం. జెడ్/28కి ఆ రోజుల్లో ఏసీ ఇచ్చేవారే కాదు. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు తప్పనిసరి, దీనికి డ్రమ్ములే ఉన్నాయి. ఇంత ఖర్చు పెట్టి క్లోన్ చేసినవాడు బ్రేకుల దగ్గర ఎందుకు పిసినారితనం చూపించాడో నాకైతే అర్థం కాలేదు.

బాడీ సంగతికొస్తే, ఎక్కువ కార్లు పైన పటారం లోన లొటారమే. అందుకే మెత్తటి గుడ్డలో అయస్కాంతం చుట్టుకుని తీసుకెళ్ళాను. వెనక చక్రాల పైన క్వార్టర్ ప్యానెళ్ళ మీద పాకించాను. ఎడమ వైపు బాగా పట్టింది. కుడి వైపు చక్రం అంచు దగ్గర అరచేయంత మేర జారిపోయింది, అంటే లోపల రేకు బదులు బాండో అనే పుట్టీ పూత. డిక్కీలో మ్యాట్ ఎత్తితే నేల గట్టిగానే ఉంది, వెల్డింగ్ అతుకుల్లేవు. ఫోటోల్లో డిక్కీ లోపల, కారు కింద చూపించలేదని నువ్వు గమనించావు చూడు, అది నాకు భలే నచ్చింది. అడిగితే లిఫ్ట్ ఎక్కించి చూపించాడు. కింద పెద్ద తుప్పు లేదు. చల్లటి ఇంజన్‌ని నా ఎదురుగా స్టార్ట్ చేయించాను, పొగ రాలేదు. శబ్దం గురించి నేను రాయను, నువ్వే విను.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతా. ఆ 302 ఇంజన్ పుట్టిందే రేసు కోసం. ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజన్ 5 లీటర్లు, అంటే 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదని నిబంధన. దానికి లోబడి చేసినదే 302. కాగితం మీద 290 హార్స్‌పవర్ అని రాసేవారు, అంతకంటే ఎక్కువే ఉండేదని అందరికీ తెలుసు. 1964లో పాంటియాక్ వాళ్ళు చిన్న బాడీలో 389 ఇంజన్ పెట్టి జీటీఓ అని అమ్మడంతో మొదలైన పిచ్చి ఇది. 1970లో షెవర్లే వాళ్ళ షెవెల్ ఎల్ఎస్6 నాటికి 450 హార్స్‌పవర్ దాకా పోయింది. ఆ వెంటనే ఇన్సూరెన్స్ రేట్లు, పొగ నిబంధనలు, 1973 పెట్రోలు కరువు కలిసి పడగొట్టాయి. పట్టుమని పదేళ్ళు కూడా లేవు. అందుకే ఇంత గిరాకీ.

డబ్బు లెక్క వేసుకో. ఇప్పుడు బిడ్ 31,000 దగ్గర ఉంది. కాగితాలున్న నిజమైన జెడ్/28 ఈ రేటుకి కలలో కూడా రాదు, కాబట్టి బిడ్ వేసేవాళ్ళలో చాలామందికి విషయం అర్థమైనట్టే. బాగా చేసిన క్లోన్‌గా నేను 38,000 దాటి ఒక్క డాలర్ పెట్టను. 38,000 మీద వేలం సైట్ బ్రింగ్ ఎ ట్రైలర్ వాళ్ళ 5 శాతం ఫీజు 1,900. టెక్సస్ 6.25 శాతం పన్ను 2,375. మూసిన ట్రక్కులో ప్లేనో దాకా రావడానికి 2,000 అనుకో. మొత్తం 44,275. నీ బడ్జెట్ 40,000 అన్నావు. కాబట్టి నువ్వు ఆగాల్సింది 38,000 దగ్గర కాదు, 34,000 దగ్గర.

ఆఖరి నిమిషం దాకా దాక్కుని ఒక్కసారి బిడ్ కొట్టేద్దామన్న మీ ఆయన ఐడియా ఇక్కడ పనిచేయదు. చివరి రెండు నిమిషాల్లో ఎవరు బిడ్ వేసినా గడియారం మళ్ళీ రెండు నిమిషాలకి వెళ్తుంది. ఇద్దరు మొండివాళ్ళు తగులుకుంటే అరగంట లాగుతుంది. ఆ టెన్షన్‌లో చేతులు వాటంతటవే బిడ్ నొక్కేస్తాయి. వేసిన బిడ్ వెనక్కి తీసుకోవడం ఉండదు, ఫీజు మేరకు కార్డు మీద డబ్బు ముందే ఆపేస్తారు. రిజర్వ్ (అమ్మేవాడు పెట్టుకున్న కనీస ధర) ఉన్న వేలం కాబట్టి నీ 34కి అతను ఒప్పుకోకపోవచ్చు కూడా. వేలం అయ్యాక "ఎంతకిస్తారు" అని మాట్లాడుకోవచ్చు. గెలిచినా ఓడినా, నీకు విడిగా ఈమెయిల్ పంపి "ఈ ఎస్క్రో సైట్‌లో (మధ్యవర్తి దగ్గర) డబ్బు కట్టండి" అన్నవాడెవడైనా దొంగే. నువ్వు ఫోన్లో మాట్లాడిన మనిషికి, టైటిల్ మీద ఉన్న పేరుకి, బ్యాంకు అకౌంట్ పేరుకి పొంతన ఉండాలి.

మన జీటీఓ కూడా ఈ వేసవిలో వేలానికి పెడుతున్నా. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆ క్లచ్ తొక్కడం నా వల్ల కావట్లేదు. మీ అమ్మ "ఇంకా ముందే చేయాల్సింది" అంటోంది, గరాజ్‌లో ఫ్రీజర్ పెట్టుకోవాలట. 1967ది, 242 నంబర్, ఫ్యాక్టరీ బిల్లు కాపీ నా దగ్గరుంది, దాని మీద 400 ఇంజన్ అని స్పష్టంగా ఉంది. కాబట్టి రిజర్వ్ పెట్టకుండానే వదులుదామనుకుంటున్నా. రిజర్వ్ లేదంటే జనం ఎగబడి వస్తారు, ఇలాంటి కాగితాలున్న బండికి భయం అక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు ఫోటోలు తీయాలి, ఎండలో తీస్తే పెయింట్ లోపాలు కనబడవు. లోపాలు కనబడకూడదనే చాలామంది ఎండలో తీస్తారు. ఎడమ డోరు కింద ఉబ్బిన చోట క్వార్టర్ నాణెం పెట్టి మరీ తీస్తాను. ఆ ఫోటో వల్ల వెయ్యి డాలర్లు తగ్గితే తగ్గనీ, అమ్మాక వచ్చే తగాదా అంతకంటే ఖరీదు. క్యాషియర్స్ చెక్ (బ్యాంకే రాసిచ్చే చెక్కు) ఎవరిచ్చినా వాళ్ళ బ్యాంకుకి వాళ్ళతోనే వెళ్ళి తీసుకుంటాను. "నా ఏజెంటు బండి తీసుకెళ్తాడు, కాస్త ఎక్కువ పంపుతున్నా, మిగిలింది అతనికిచ్చేయండి" అనే రకానికి జవాబు కూడా ఇవ్వను.

ఇంకో మాట. దీన్ని ఇన్వెస్ట్‌మెంట్ అని అల్లుడుగారు అంటున్నట్టున్నారు. 1969లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్ళ బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికొస్తున్నాయి. వాళ్ళంత ప్రేమగా కొనేవాళ్ళు మీ వయసులో ఎంతమంది ఉన్నారో మీకే తెలియాలి. కాగితాల్లేని క్లోన్ అయితే పెరుగుతుందన్న ఆశ మరీ పెట్టుకోవద్దు. ఆదివారం పొద్దున్న నడుపుకోవడానికైతే కొనుక్కో. నిజంగా నచ్చితేనే. క్లోన్ అయినా హాగర్టీ లాంటి వాళ్ళ దగ్గర అగ్రీడ్ వాల్యూ (బండి విలువ ముందే ఒప్పుకుని రాసే) పాలసీ తీసుకో. మామూలు కారు ఇన్సూరెన్స్‌లో పెడితే రేపు ఏదైనా జరిగితే యాభై ఏళ్ళ పాత బండి అని తరుగు కట్టి చిల్లర చేతిలో పెడతారు.

బుధవారం రాత్రిలోపు ఏదో ఒకటి చెప్పు. ముందు చక్రాల బ్రేకులు డిస్క్‌లకి మార్చడానికి ఎంతవుతుందో ఇక్కడ తెలిసిన మెకానిక్‌ని అడుగుతున్నా, ఆ లెక్క వస్తే మంగళవారం మెసేజ్ పెడతాను. దాన్ని కూడా 34లోంచి తీసేసుకో.

మీ నాన్న