వంటింటి రంగు మార్చాను, కోప్పడకు

పి. గన్నవరం

చి. సౌ. అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. మన వంటిల్లు కొత్తగా ఇలా చేయించమని నువ్వు పంపిన బొమ్మలు చూశాను. ఫోన్లో ఏం చెప్పినా "అది కాదు నాన్నా" అంటావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. బొమ్మల్లో అంతా తెల్లగా, అద్దంలా మెరిసిపోతోంది. ఒక్క పోపుల డబ్బా అయినా కనబడలేదు.

మీ అమ్మ భుజం పట్టేసిన ఈ మూడు నెలలూ పొయ్యి దగ్గర నిలబడింది నేనే కదా. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో మంచినీళ్ళ కోసం తప్ప ఆ గదిలోకి వెళ్ళినవాణ్ణి కాను. ఇప్పుడు దాని కష్టాలన్నీ నాకు తెలుసు. పోపు పొయ్యి మీద, ఇంగువ ఎదుటి గూట్లో. అటు తిరిగొచ్చేసరికి ఆవాలు మాడిపోతాయి.

గది వెడల్పు 7 అడుగులు, పొడవు 12. ఒక కొసన హాలు గుమ్మం, ఇంకో కొసన పెరటి గుమ్మం, అచ్చం రైలు పెట్టె. నువ్వు చెప్పినట్టు రెండు వైపులా 2 అడుగుల వెడల్పు వంటగట్లు కట్టిస్తే మధ్యలో మిగిలేది 3 అడుగులు. ఒకరు పొయ్యి దగ్గరుండి, ఇంకొకరు ఎదుట వంగి బియ్యం తీస్తుంటే, పెరట్లోంచి వచ్చేవాళ్ళు ఎటు నడుస్తారు? అందుకని పొయ్యీ సింకూ ఉన్న వైపు 2 అడుగులు ఉంచి, ఎదుటి వైపు అడుగున్నర చేయించాను. అటు ఎలాగూ డబ్బాలూ జాడీలే.

గట్టు ఎత్తు అందరికీ 34 అంగుళాలే పెడతామన్నాడు మేస్త్రీ. మీ అమ్మని నిలబెట్టి నేల నుంచి మోచేతి దాకా టేపు పెడితే 37 వచ్చింది. 34 అయితే చపాతీ వత్తినప్పుడల్లా భుజం ఎత్తాలి. 32 చేయమన్నాను.

ఇక రంగు. అరల తలుపుల మీద అంటించే సన్‌మైకా రేకు ముక్కలు తొమ్మిది తెచ్చి, ఒక్కోదాని మీదా నూనెలో కలిపిన పసుపు రాసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే సబ్బుగుడ్డతో తుడిస్తే నువ్వు ముచ్చటపడ్డ తెల్ల గ్లాసీ ముక్క మీద మరక పోయింది గానీ, పక్కకి వంచి చూస్తే నా అయిదు వేళ్ళూ దానిమీద అచ్చుపడి ఉన్నాయి. గరుకు తెలుపు మరీ అన్యాయం, ఆ సన్న గీతల్లో పసుపు దిగిపోయింది. అరుగు మీద ఎండలో పెడితే సాయంత్రానికి చాలావరకు వెలిసింది. పసుపు ఎండకి ఆగదు. అలాగని గోడకి బిగించిన తలుపులు రోజూ అరుగు మీదికి మోసుకురాలేం.

పెరటి కొబ్బరిచెట్ల నీడకి పొద్దున పదింటికి కూడా ఆ గదిలో లైటు కావాలి. పోనీ నువ్వన్న బూడిదరంగు పెడితే ఏడాది పొడుగునా మబ్బు పట్టినట్టే ఉంటుంది. పై అరల తలుపులకి మీగడ రంగు, కింది వాటికి తమలపాకు పచ్చ ఖాయం చేశాను. రెండూ నున్నగా, మెరుపు లేనివే. గట్టుకి నువ్వన్న పాలరాయి వద్దు, నిమ్మరసం పడినచోటల్లా మెరుపు పోతుంది. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ చెప్పాను. నల్లరాతి మీద నీటి మరకలు కనబడతాయంటావు. కనబడనీ, తుడుచుకుంటాం.

అరల చెక్క దగ్గర మాత్రం మోసపోయేవాణ్ణే, నీళ్ళకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ కావాలి మనకి. ఒక షాపాయన "మెరైన్ ప్లై అండీ, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు. చిన్న ముక్క అడిగి తెచ్చి గిన్నెలో మరిగించాను. మూడు గంటల్లో ఆత్రేయపురం పూతరేకుల్లా పొరలు పొరలుగా విడిపోయింది. ఇంకో చోట ఐఎస్ 710 ముద్ర, అంటే అసలు మెరైన్ ప్లైకి వేసే ప్రమాణం ముద్ర, ఉన్నది తెచ్చి మరిగిస్తే చెక్కుచెదరలేదు. ఆ రకాన్ని 72 గంటలు మరిగించి పరీక్షిస్తారట. మన ఇంట్లో ఒక్క పూటకే మీ అమ్మ గ్యాస్ కట్టేసింది.

1986 ఆగస్టు వరదలో ఈ వంటింట్లో మోకాటి లోతు నీళ్ళు. మీ మామ్మ బియ్యం బస్తాలు అటకెక్కించి, తను కూడా అక్కడే కూర్చుంది. చెక్క నేలకి తగలకుండా కింద 6 అంగుళాల ఇటుక దిమ్మ కట్టిస్తున్నాను. అంతకు మించి నీళ్ళొస్తే అరల గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

జాడీలకి తీగ బుట్టలు వద్దు. ఊరగాయ ఉప్పూ, ఈ తేమా కలిస్తే తుప్పు పడతాయి. కడప రాయి అరలు చాలు, నడుము ఎత్తులో. పొయ్యి కింద మొదటి సొరుగులో పోపుల డబ్బా, గరిటెలు. పై అరల్లో ఏడాదికోసారి తీసే పెద్ద గంగాళాలూ అవీ. బయటికి పొడుచుకొచ్చే హ్యాండిళ్ళు అసలు వద్దు, అంత ఇరుకులో మీ అమ్మ కొంగు పట్టుకుంటాయి.

గోడ టైల్స్ రంగు నీ ఇష్టానికే వదిలేశాను. సందుల్లో మాత్రం తెల్ల సిమెంటు కాదు, మరక పీల్చని ఎపాక్సీ జిగురు పెట్టాలి. మేస్త్రీ సోమవారం వస్తాడు, శనివారం లోపు చెప్పు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ప్లై మరిగించిన గిన్నె ఇంకా జిగురు కంపు కొడుతోంది. కొత్తది కొనాలట, అదీ నా ఖాతాలోనే.

మీ నాన్న