ప్రసార బిల్లు ముసాయిదా జనం ముందు పెట్టండి: సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ప్రసార సేవల నియంత్రణ బిల్లు గురించి ఈ లేఖ రాస్తున్నాను. 2023 నవంబరులో మీ శాఖ ఆ ముసాయిదాను అందరికీ అందుబాటులో పెట్టి అభిప్రాయాలు అడిగింది. మంచి పద్ధతే. కానీ 2024 జూలైలో, మార్చిన ముసాయిదాను ఎంపిక చేసిన కొద్దిమందికే ఇచ్చారు. ఎవరి కాపీ బయటికొస్తే వాళ్లు దొరికిపోయేలా ఒక్కో కాపీకి ఒక్కో వాటర్‌మార్క్ వేశారని పత్రికల్లో వచ్చింది. యూట్యూబ్‌లో వార్తలు చెప్పుకునేవాళ్లు కూడా దాని పరిధిలోకి వస్తారని తెలిసి గగ్గోలు పుట్టాక, ఆగస్టులో, చర్చించి కొత్త ముసాయిదా తెస్తామన్నారు. మేం ఏం చూడాలో, ఏం వినాలో తేల్చే చట్టాన్ని మాకు చూపకుండా రాయడం ఎలా న్యాయమవుతుందండీ?

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న చెప్పింది. హీరో కప్ క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం దగ్గర మొదలైన తగువు అది. ఆ తరంగాల మీద అజమాయిషీ ప్రభుత్వం చేతిలో కాకుండా, అన్ని వర్గాలకూ చోటున్న స్వతంత్ర సంస్థ చేతిలో ఉండాలని కోర్టు స్పష్టంగా చెప్పింది. మన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి గారు విడిగా రాసిన తీర్పులో ఇంకో హెచ్చరిక కూడా ఉంది: ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయి కొద్దిమంది డబ్బున్నవాళ్ల గుత్తాధిపత్యం వచ్చినా పౌరుడి మాటకు చోటుండదని. ఆ తర్వాత 1997లో ఒక బిల్లు, 2001లో ఇంకొకటి వచ్చి అటకెక్కాయి. ఆ స్వతంత్ర సంస్థ మాత్రం ఇప్పటికీ రాలేదు. లైసెన్సు ఇచ్చేదీ, ఆపేదీ, శిక్ష వేసేదీ ఇవాళ్టికీ మీ శాఖే.

అలా ఉంటే ఏమవుతుందో మీడియావన్ కేసులో దేశమంతా చూసింది. 2022 జనవరి 31న ఆ మలయాళ చానల్ ప్రసారం ఆగిపోయింది. అనుమతి రెన్యువల్‌కి హోం శాఖ సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వలేదన్నారు. ఎందుకివ్వలేదు? చానల్‌కి చెప్పలేదు. కారణాలు సీల్డ్ కవర్‌లో హైకోర్టు జడ్జిల దగ్గరకు వెళ్లాయి, చానల్ ఓడిపోయింది. తన మీద ఉన్న ఆరోపణ ఏమిటో తెలియకుండా ఏ లాయరైనా ఏమని వాదిస్తాడు? చివరికి 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఫైల్లో ఉన్నవాటిలో పౌరసత్వ సవరణ చట్టం మీద, ఎన్నార్సీ (జాతీయ పౌర జాబితా) మీద, న్యాయవ్యవస్థ మీద ఆ చానల్ నడిపిన కథనాలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ విధానాన్ని విమర్శించినంత మాత్రాన దేశభద్రతకు ముప్పు అనలేమని కోర్టు తేల్చింది. ఆ చానల్‌కి సుప్రీంకోర్టు దాకా వెళ్లే స్తోమత ఉంది. జిల్లా కేంద్రంలో నడిచే చిన్న చానల్‌కి ఉంటుందా? దాని యజమాని కోర్టు దాకా వెళ్లడు. నోటీసు రాకముందే టెన్షన్‌తో వార్త మార్చేస్తాడు. నాకు ఎక్కువ భయం ఆ కనిపించని మార్పు గురించే.

రేడియో సంగతి ఇంకా బాధగా ఉంటుంది. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను అక్షరం మార్చకుండా వినిపించుకోవచ్చు, అంతే. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు చెప్పొచ్చు. నీటి సరఫరా గురించి అధికారులు ఇచ్చిన ప్రకటన చదవొచ్చు. అంటే ‘రేపు నీళ్లు రావు’ అని చెప్పడానికి అనుమతి ఉంది. ‘నాలుగు రోజుల నుంచి ఎందుకు రావడం లేదు’ అని ఇంజనీరుని అడిగి ఆ జవాబు వినిపిస్తే అది వార్త అయిపోతుంది! ఈ నిషేధం తీసేసి గంటకు పది నిమిషాలు వార్తలు చెప్పుకోనివ్వమని 2023లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా సిఫారసు చేసింది. స్థానికులు తమ కోసం నడుపుకునే కమ్యూనిటీ రేడియోకీ దాదాపు ఇదే కట్టడి. జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 నుంచి విత్తనాల గురించీ పంటల గురించీ వాళ్ల యాసలోనే మాట్లాడుతోంది. అంత బాగా మాట్లాడగలిగినవాళ్లు తమ మండలంలో ఏం జరుగుతోందో చెబితే దేశానికి వచ్చే నష్టమేమిటో నాకు అర్థం కాదు.

అసలు నియంత్రణే వద్దని నేను అనడం లేదు. మతాల మధ్య చిచ్చు పెట్టే డిబేట్లు రోజూ చూస్తూనే ఉన్నాం. తప్పు చేసిన చానల్‌కి శిక్ష పడాలి. చానళ్లు తమకు తాము వేసుకునే లక్ష రూపాయల జరిమానా ఏ మూలకూ చాలదని సుప్రీంకోర్టే అంది. అయితే ఆ శిక్ష వేసేది ఎవరు? 2023 ముసాయిదాలోని ప్రసార సలహా మండలిని చూడండి. అందులో ఐదుగురు కేంద్ర శాఖల అధికారులు. మిగతావారిని నామినేట్ చేసేదీ కేంద్రమే. ఇంతా చేసి ఆ మండలి సిఫారసు మాత్రమే చేస్తుంది, ఉత్తర్వు మళ్లీ ప్రభుత్వానిదే. వార్తల్లో ఎక్కువగా విమర్శకు గురయ్యేది ప్రభుత్వం. ఆ వార్త తప్పో ఒప్పో తేల్చేది కూడా ప్రభుత్వమే అయితే జనం ఎలా నమ్ముతారు?

దీనికి దారి మన దగ్గరే ఉంది. చానల్ ప్యాక్ ధరల మీద నిర్ణయం తీసుకునే ముందు ట్రాయ్ సంప్రదింపుల పత్రం విడుదల చేస్తుంది, వచ్చిన అభిప్రాయాలన్నీ వెబ్‌సైట్‌లో పెడుతుంది, బహిరంగ చర్చ జరుపుతుంది. పారదర్శకంగా పనిచేయాలని ట్రాయ్ చట్టంలోనే రాసి ఉంది. చానల్ ధరకు ఉన్నపాటి పారదర్శకత చానల్ బతుకుకు లేకపోవడం ఏం న్యాయం? బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఏ చానల్ మీద ఏం తేల్చిందో, ఎందుకు తేల్చిందో బులెటిన్‌గా ప్రచురిస్తుంది. దక్షిణాఫ్రికాలో నియంత్రణ మండలి సభ్యుల్ని పార్లమెంటు కమిటీ అందరూ చూస్తుండగా ఇంటర్వ్యూ చేస్తుంది. ఇక్కడ కూడా సభ్యుల ఎంపికలో ప్రతిపక్షానికి, న్యాయవ్యవస్థకు, పౌరులకు చోటివ్వండి. లైసెన్సు నిరాకరించిన ప్రతి ఉత్తర్వులోనూ కారణం రాసి బయటపెట్టాలని చట్టంలో చేర్చండి. ఆ స్వతంత్ర సంస్థ ఏటా పార్లమెంటుకు జవాబు చెప్పాలి, మీ శాఖకు కాదు.

కొత్త ముసాయిదా సిద్ధమైనప్పుడు వాటర్‌మార్క్ లేకుండా అందరికీ ఒకే కాపీ ఇవ్వండి. ఇంగ్లిష్, హిందీలతో ఆపకుండా తెలుగులోనూ, మిగతా భాషల్లోనూ పెట్టండి. చదివి, మాట్లాడుకుని రాయడానికి మాకు కనీసం మూడు నెలలు గడువివ్వండి. మేం రాసినవాటిలో ఏవి తీసుకున్నారో, ఏవి ఎందుకు వదిలేశారో కూడా బిల్లుతో పాటు ప్రచురించండి.

ఇట్లు,
ఒక రేడియో శ్రోత