హెడ్‌లైట్ల దగ్గర మేము వేసిన టెర్మినళ్ల గురించి

అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు మా షెడ్డుకే తెచ్చే పాత ఖాతాదారులకు నమస్కారం. గత దసరా తర్వాత మా దగ్గర వైరింగ్ టెర్మినళ్లు, అంటే వైరు చివర బిగించే లోహపు ముక్కలు, మార్పించుకున్న పదిహేడు కార్లలో కొన్నింటికి నాసిరకం సరుకు పడింది. ఈ మాట మీరు మరొకరి నోట వినకముందే నేనే చెప్పడం న్యాయమని రాస్తున్నాను.

లాసన్స్ బే కాలనీలో ఉండే ఒక పెద్దాయన భీమిలి నుంచి రాత్రివేళ తిరిగి వస్తుండగా ఆయన అంబాసిడర్ ఎడమ హెడ్‌లైటు మసకబారింది. నాలుగు నెలల కిందట నా చేత్తో నేనే వేసిన బుల్లెట్ టెర్మినల్‌ను విప్పి చూస్తే, ఇత్తడికి పట్టే పచ్చటి చిలుము కాక ఎర్రటి తుప్పు కనిపించింది. అయస్కాంతం దగ్గరకు తెస్తే టక్కున అతుక్కుంది. ఇనుప రేకుకు తగరపు పూత పూసి, కళాయి వేసిన ఇత్తడి అని మాకు అమ్మారు. పైకి రెండూ ఒకేలా తెల్లగా మెరుస్తాయి. అయితే కత్తిరించిన అంచుల దగ్గర పూత ఉండదు కనుక మన ఊరి ఉప్పుగాలికి అక్కడి నుంచే లోపలికి దారి దొరికింది.

12 వోల్టుల కారులో 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది. తుప్పు వల్ల ఆ ఒక్క అతుకు దగ్గర ఓమ్‌లో పదో వంతు నిరోధం పెరిగినా అర వోల్టు అక్కడే పోతుంది, రెండున్నర వాట్ల వేడి అక్కడే పుడుతుంది. బల్బు మసకబారడం కంటే ఆ వేడికే నేను ఎక్కువ భయపడ్డాను.

ఆ సరుకు ఇచ్చిన వ్యాపారి దగ్గర పదకొండేళ్లుగా కొంటున్నాను, ఏనాడూ అరువు పెట్టలేదు. ఫోన్ చేస్తే, "ఇప్పుడందరూ ఇవే వాడుతున్నారండీ, మీరొక్కరే అడుగుతున్నారు" అన్నారు. డబ్బు తిరిగి ఇస్తామన్నారు కానీ, తప్పు జరిగిందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. ఆ డబ్బు నేను తీసుకోలేదు, అది నా మొండితనమే అనుకోండి. అయితే సంచీ విప్పగానే అయస్కాంతం పెట్టి చూడవలసింది నేను, చూడలేదు. ఆ భాగం నాదే.

అన్ని కార్లనూ వెనక్కి పిలవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. చక్కగా వెలుగుతున్న దీపాన్ని కదిలించడం ఎందుకని ఒక మనసు. దానికి కారణం లేకపోలేదు: నలభై యాభై ఏళ్ల నాటి వైరు పైతొడుగు ఎండి పెళుసై ఉంటుంది, చుట్టిన టేపు విప్పితే బాగున్న చోట కూడా పగలవచ్చు. పైగా టెర్మినల్ కోసిన ప్రతిసారీ వైరు అర అంగుళం పొట్టిదవుతుంది. చివరకు ముందు అయస్కాంతంతో చూసి, ఇనుపవి దొరికిన చోటనే చేయి పెట్టాలని నిర్ణయించాను. వైరు చాలకపోతే మధ్యలో అతుకు వేయను, అదే రంగు, అదే మందం ఉన్న కొత్త వైరును కనెక్టర్ నుంచి కనెక్టర్ దాకా వేస్తాను. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతి కనుక బ్రిటిష్ పద్ధతిలో బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు, ఇగ్నిషన్‌ది తెలుపు, ఎర్తింగ్‌కు నలుపు. ఆ వరుస చెడగొడితే రేపు మరమ్మతు చేసేవారు తిట్టుకునేది నన్నే.

టెర్మినల్‌ను వైరు మీద నొక్కి బిగించే క్రింపింగ్‌తో పాటు, లోహం కరిగించి అతికే మాటు (సోల్డరింగ్) కూడా వేయమని ఇద్దరు ముగ్గురు గట్టిగా అడిగారు. వేయను. మాటు పాకినంత మేర వైరు బిరుసెక్కి, అది ఆగిన చోట ఇంజను అదురుకు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. నా చేయి పట్టు తప్పిందని ఎవరో అన్నట్లు విన్నాను. పట్టు తప్పింది చేయి కాదు, సరుకు.

పనికి, సామానుకు డబ్బు తీసుకోను. ముందుగా ఫోన్ చేసి ఉదయం పూట కారు తెస్తే సాయంత్రానికి ఇస్తాను. దీపాలు వెలిగించి, ప్రతి అతుకు దగ్గర ఎంత వోల్టేజి పోతోందో మీటరు మీద మీ కళ్లముందే చూపిస్తాను. కొత్త టెర్మినళ్ల సంచీ బల్ల మీదే ఉంటుంది. మీ అయస్కాంతం మీరే తెచ్చుకోండి, నేనేమీ అనుకోను.