నా తరగతి నా భర్త జీతంతో తేలాలా? జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

సచివాలయంలోనూ, సోమవారం గ్రీవెన్స్‌లోనూ అర్జీలు ఇచ్చాను. జవాబు లేదు. అందుకే పదిమంది ఎదుట రాస్తున్నాను.

నేను ఇద్దరు పిల్లలతో పుట్టినూళ్లో అద్దెకుంటూ బట్టలు కుట్టి బతుకుతున్నాను. విడిగా ఉంటున్న నా భర్త ప్రభుత్వోద్యోగి. విడాకులు కాలేదు, ఆయన నుంచి పైసా రాదు. ఎవరు ఏ కుటుంబంలో ఉన్నారో సచివాలయంలో నమోదు చేసే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మాత్రం నేనింకా ఆ ఇంటి మనిషినే. ఉద్యోగి ఉన్న కుటుంబమని రైస్ కార్డు (రేషన్ కార్డు) ఇవ్వలేదు. బియ్యం బయట కొంటున్నాను. జాకెట్టు కుట్టించుకునేవాళ్లు కూడా "నీకేం లోటమ్మా, ఉద్యోగస్తుడి భార్యవి" అంటారు (బేరం మాత్రం మానరు).

ఓబీసీ రిజర్వేషన్ నుంచి సంపన్నులను తప్పించే క్రీమీలేయర్ లెక్కకైతే పెళ్లయిన స్త్రీకీ తల్లిదండ్రుల హోదానే చూస్తారు, భర్తది కాదు. ఆర్థికంగా వెనుకబడినవారి కోటా అయిన ఈడబ్ల్యూఎస్‌కు భర్త ఆదాయమూ కలుపుతారు. ఒకచోట కూతురిని, ఇంకోచోట భార్యను. నా కుట్టుమిషను సంపాదన ఒక్కటే చూసే లెక్క నాకింకా ఎదురుపడలేదు. భార్య విడిగా వెళ్లిపోయిన మగవాడి హోదాను ఎవరైనా ఇలా వెతకడం నేనైతే చూడలేదు.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, రేషన్ కార్డుల కోసం 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దావిడే కుటుంబ యజమాని. నా ఇంట్లో అది నేనే.

విడాకుల పత్రం కోసం పట్టుబట్టకుండా, వీఆర్వో విచారణ, ఇరుగుపొరుగు వాంగ్మూలాల ఆధారంగా నాలాంటి వారి పేర్లు వేరుచేసి, కార్డులు ఇవ్వాలని తహసీల్దార్లకు లిఖితపూర్వక ఆదేశాలు ఇవ్వండి. కుదరదంటే, ఏ నిబంధన అడ్డమో నా అర్జీ మీదే రాసి పంపించండి.

ఇట్లు,
మీ జిల్లాలోని ఒక దర్జీ