పిన్యావ్ స్టేషన్‌లో పచ్చ స్వెట్టర్ పెద్దావిడకు

అమ్మా, ఆ కంగారులో మీ పేరైనా అడగలేదు. మీకు తెలుగు రాదు, నాకు పోర్చుగీసు రాదు. అయినా ఇది రాయకపోతే మనసొప్పడం లేదు.

పోర్చుగల్‌లోని పోర్తో నగరం నుంచి దోరు నది పక్కనే సాగే రైల్లో వచ్చి పిన్యావ్‌లో దిగాం. స్టేషన్ గోడల మీద నీలం పింగాణీ పలకల్లో ద్రాక్ష కోతల బొమ్మలు. నోరు తెరుచుకుని చూస్తుంటే రైలు కదిలింది. అప్పుడడిగింది మా ఆవిడ, "నల్ల బ్యాగ్ ఏదండీ?" రెండు పాస్‌పోర్టులూ అందులోనే!

నా మొహం చూసే మీకు సంగతి అర్థమైపోయింది. ఎవరికో ఫోన్ చేశారు. రైలు చివరి స్టేషన్ దాకా వెళ్లి మళ్లీ ఇటే వస్తుందని గాల్లో వేలితో గీసి చూపించారు. అంతటితో వదలకుండా, టెన్షన్ పడుతూ కూర్చోవద్దని పక్కనే ఉన్న వైన్ కొట్టుకు లాక్కెళ్లారు.

ద్రాక్షరసం పూర్తిగా పులియకముందే ద్రాక్ష సారాయి కలిపి ఆపేస్తారని, పోర్ట్ వైన్‌కు ఆ తీపి అందుకేనని కొట్టులో అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. పానకంలా ఉందని గటగటా తాగబోయాను. మీరు నా చెయ్యి పట్టుకుని, బల్ల మీద వేలితో 20 అని రాశారు. ఆల్కహాల్ శాతం! రుచి చూసి ఉమ్మడానికి గిన్నె పెట్టారు గానీ మా ఆవిడ ససేమిరా అంది.

బ్యాగ్ వచ్చింది. డబ్బులివ్వబోతే కసిరారు. పైగా సంచిలోంచి గుప్పెడు బాదం పప్పులు తీసి మా ఆవిడ చేతిలో పోసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు.