స్పానిష్‌ను తెలుగులో చెబితే తప్పేముంది?

సంపాదకులకు,

బెజవాడ బెంజి సర్కిల్‌లోనూ, గుంటూరు బ్రాడీపేటలోనూ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఐఈఎల్‌టీఎస్, జర్మన్‌ల పక్కన ఇప్పుడు స్పానిష్ కూడా చేరింది. సంతోషించాల్సిందే. అమెరికాలో ఇళ్లలో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు, మన పిల్లలు వెళ్లేది ఎక్కువగా అక్కడికే. పేచీ అంతా 'నెల రోజుల్లో అనర్గళంగా' అన్న హామీతోనూ, పాఠం మొత్తం ఇంగ్లీషులో నడిపే పద్ధతితోనూ.

మొదట గంటల లెక్క చూద్దాం. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య ఉద్యోగులకు స్పానిష్ నేర్పడానికి 30 వారాలు, సుమారు 700 తరగతి గంటలు కేటాయిస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉండి, జీతం తీసుకుంటూ రోజంతా అదే పనిగా నేర్చుకునేవారికే అంత సమయం పడుతోంది. భాష ఎంత వచ్చో చూసే యూరప్ కొలమానంలో ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లున్నాయి. పలకరింపులు, ధరలు, చిరునామాలు చెప్పగలిగే ఎ1కి 60 నుంచి 90 గంటలు కావాలి. ఊరుగాని ఊరిలో ఒంటరిగా నెట్టుకురాగలిగే బి1కి మొదటినుంచి లెక్కేస్తే 350 నుంచి 400 గంటలు. వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున వెళ్తే ఎ1కే కనీసం పద్నాలుగు వారాలు, బి1కి ఏడాదిన్నర పైమాటే. ఫీజు కట్టేముందు ఏ మెట్టుకు ఎన్ని తరగతి గంటలో కాగితం మీద రాయించుకోండి. 'రోజులు' లెక్క చెప్పేవారు గంటల లెక్క చెప్పడానికి ఇష్టపడరు.

ఇక అసలు సంగతి. మన దగ్గర స్పానిష్ పాఠం ఇంగ్లీషు వ్యాకరణం చుట్టూ తిరుగుతుంది, తెలుగులో సూటిగా దొరికే దారి పక్కనే ఉన్నా ఎవరూ తొక్కరు. 'మే గుస్తా ఎల్ మాంగో' అనే వాక్యాన్ని 'ఐ లైక్' అని చెప్పగానే విద్యార్థి కర్త ఎక్కడా అని వెతుక్కుంటాడు. 'నాకు మామిడిపండు నచ్చుతుంది' అంటే వెతకడానికేమీ మిగలదు. పండ్లు ఎక్కువైతే తెలుగులో 'నచ్చుతాయి' అయినట్టే అక్కడ 'గుస్తాన్' అవుతుంది. 'నాకు తల నొప్పెడుతోంది' అన్నదీ ఇదే అచ్చు: 'మే దుయేలే లా కబేసా'.

ఇంగ్లీషు 'టు బి' ఒక్కదానికీ స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారిని ఏళ్ల తరబడి వేధించే ఈ తేడాకూ తెలుగులో మంచి ఊతం ఉంది. 'ఆయన డాక్టరు' అనేటప్పుడు మనం క్రియ వాడం, అక్కడ సేర్ వస్తుంది. 'ఆయన ఇంట్లో ఉన్నాడు', 'నీరసంగా ఉన్నాడు' అన్నప్పుడు 'ఉన్నాడు' వస్తుంది, అక్కడ ఎస్తార్. 'పెళ్లి గుంటూరులో' అని క్రియ లేకుండానే అంటాం కదా, ఆ వాక్యానికి స్పానిష్‌లో సేరే వాడాలి. ఈ సూత్రం తప్పే చోటూ చెప్పాలి: 'పొడుగ్గా ఉన్నాడు', 'నల్లగా ఉంది' లాంటి శాశ్వత గుణాలకు మనం 'ఉండు' వాడతాం, వాళ్లు సేర్ వాడతారు. తెలుగువాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే కాబట్టి రెండు తరగతులు దీనికే కేటాయించినా నష్టం లేదు.

'పుస్తకం చూశాను' అంటాం గానీ 'రవి చూశాను' అనం, 'రవిని' అనాల్సిందే. స్పానిష్‌లో మనిషి ముందు చేరే 'ఆ' చేసే పని సరిగ్గా ఆ 'ని' చేసేదే. 'నిరుడు తిరుపతి వెళ్లాం', 'చిన్నప్పుడు ఏటా వెళ్లేవాళ్లం' అన్నవి అక్కడ 'ఫుయిమోస్', 'ఈబామోస్'. ఇంగ్లీషు మాధ్యమంలో ఒక నెల తినే ఈ భూతకాలాల తేడా తెలుగులో చెబితే రెండు పూటల్లో పట్టుబడుతుంది. నువ్వు, మీరు తేడా 'తూ', 'ఉస్తేద్'లలో ఉంది. కాకపోతే 'ఉస్తేద్' తర్వాత క్రియ అతడు, ఆమె అనే రూపంలోకి మారుతుంది.

తెలుగు అన్నిచోట్లా ఆదుకుంటుందనీ అనడం లేదు. బల్ల ఆడది, పుస్తకం మగది అంటే మనకు కొరుకుడు పడదు. నామవాచకాన్ని ఎన్నడూ ఒంటరిగా బట్టీ పట్టకూడదు, 'లా మేసా', 'ఎల్ లీబ్రో' అని ముందున్న మాటతో సహా నేర్చుకోవాలి. 'ఆ'తో ముగిసినా మగదైన 'ఎల్ ప్రొబ్లేమా', 'ఓ'తో ముగిసినా ఆడదైన 'లా మానో' వంటి తిరకాసులకు వేరే పేజీ పెట్టుకోవాలి. 'కోసం' అనే అర్థానికి అక్కడ రెండు మాటలున్నాయి, మన మాట ఒక్కటే పట్టుకుని పోతే ఆ 'పోర్', 'పారా'ల దగ్గర బోర్లా పడతారు. 'నిన్న వచ్చిన మనిషి' వంటి వాక్యాల్లో మాటల వరుస పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ మాత్రం ఇంగ్లీషే మేలు.

ఉచ్చారణ విషయంలో మనవాళ్లు అదృష్టవంతులు. స్పానిష్ 'ప, త, క'లు గాలి వదలకుండా పలికే మన ప, త, కలే. ఇంగ్లీషు అలవాటుతో 'టాకో' అంటున్నాం గానీ అది 'తాకో'. రెండు 'ర'లకు నాలుకను ఆడించడం గుంటూరు విద్యార్థికి కష్టం కాదు. మనం జారేది అచ్చుల నిడివిలో. స్పానిష్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా లేదు, మనం దేన్నో ఒకదాన్ని సాగదీస్తాం. 'వ' రాసినచోట 'బ' పలకడమూ మరిచిపోతాం. ఇంతకంటే పెద్ద చిక్కు ఊనికది, అంటే మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలన్నది. 'ఆబ్లో' అనే మాటలో ఊనిక మొదటి అక్షరం మీద పడితే 'నేను మాట్లాడతాను', చివరి దాని మీద పడితే 'అతను మాట్లాడాడు'. తెలుగు లిపి ఈ ఊనికను చూపలేదు. అందుకే వివరణ తెలుగులో ఉండాలి గానీ, స్పానిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మొదటి వారంతో ఆపించాలి. ఈ లేఖలో అలా రాయక తప్పలేదు, నోటు పుస్తకంలో మాత్రం వద్దు.

బ్యాచ్ పరిమాణం గురించి ఒక లెక్క చాలు. గంటన్నర తరగతిలో 30 మంది ఉంటే, ఉపాధ్యాయుడు నోరు విప్పకపోయినా తలకు మూడు నిమిషాలే. ఎనిమిది మందిని జంటలుగా కూర్చోబెడితే ఒక్కొక్కరు ఇరవై నిమిషాలు సులువుగా మాట్లాడతారు. దీని ఫలితం పరీక్షలో బయటపడుతుంది. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్‌కు ఢిల్లీలో ఉన్న కేంద్రం ద్వారా రాసే స్పానిష్ పట్టా పరీక్ష డేలేలో, ఎ1 నుంచి బి2 మెట్టు వరకు, చదవడం, రాయడం కలిపి 50 మార్కులు, వినడం, మాట్లాడటం కలిపి 50. రెంటిలోనూ విడివిడిగా 30 రావాలి. మొదటి దాంట్లో 48 తెచ్చుకుని రెండో దాంట్లో 28 దగ్గర ఆగితే మొత్తం 76 వచ్చినా తప్పినట్టే. డేలే పట్టాకు గడువు లేదు. కంప్యూటర్ మీద రాసే సియేలే ధ్రువపత్రం అయిదేళ్లే చెల్లుతుంది. ఎవరికి ఏది అవసరమో చెప్పకుండానే ఫీజు కట్టించుకునేవారూ ఉన్నారు.

కంపెనీలు ఉద్యోగులకు పెట్టించే తరగతులు ఎక్కువగా శుక్రవారం సాయంత్రం డ్యూటీ అయ్యాక పెడతారు, మూడో వారానికి సగం కుర్చీలు ఖాళీ. పని వేళల్లోనే, షిఫ్టు మొదట్లో, వారానికి రెండుసార్లు ముప్పావుగంట చొప్పున పెడితే నిలబడతాయి. పాఠ్యపుస్తకం తెరిచే ముందు ఆ ఆఫీసు ఉత్తరాల్లో, ఫోన్లలో నిజంగా వాడే ఓ యాభై వాక్యాలు పోగుచేయాలి. మన మిరపను కొనే దేశాల్లో స్పెయిన్, మెక్సికో కూడా ఉన్నాయి కనుక గుంటూరు ఎగుమతిదారులకు ముందు నేర్పాల్సింది అంకెలు. స్పెయిన్ కాగితం మీద 1.500 అంటే ఒకటిన్నర కాదు, పదిహేను వందలు. దశాంశానికి వాళ్లు కామా పెడతారు. మెక్సికోలో మళ్లీ మన పద్ధతే, చుక్కే దశాంశం. 'బిల్యోన్' అంటే వంద కోట్లు కాదు, లక్ష కోట్లు. సరుకు పేరూ ఊరూరా మారుతుంది: కారపు ఎండుమిరప మెక్సికోలో 'చీలే', పెరూలో 'అహీ', స్పెయిన్‌లో 'గిందీయా'. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి వాడే 'కొహేర్' అనే క్రియను మెక్సికో, అర్జెంటీనాల్లో నలుగురిలో అనకూడదు, అక్కడ అది బూతు. ఏ దేశం కొనుగోలుదారుడితో పనో తేల్చుకున్నాకే ఆ దేశం మాట నేర్పాలి.

అమెరికా వెళ్లే నర్సులు 'దోందే లే దుయేలే' అని నొప్పి ఎక్కడో అడగగలిగితే రోగికి కొంత ధైర్యం. కానీ మందు మోతాదు, ఆపరేషన్ అంగీకారం వంటివి అరకొర భాషతో మాట్లాడకూడదు, అర్హత ఉన్న దుబాసీని పిలవాల్సిందే. నర్సులకు నేర్పేవారు ఈ హద్దును మొదటి రోజే చెప్పాలి.

స్పానిష్ మాట్లాడే దేశానికే వెళ్లి నేర్చుకుంటామనే వారికి ఒక మాట: ఎ2 దాటకముందు వెళ్తే డబ్బు దండగ. ఇక్కడ తక్కువ ఖర్చుతో వచ్చే అక్షరాల్ని అక్కడ యూరోలు పోసి నేర్చుకున్నట్టవుతుంది. నాలుగు వారాలకంటే తక్కువైనా ఫలితం అంతంతే. అందరూ ముందు బార్సిలోనా అంటారు, అక్కడ వీధిలో, బడిలో కాటలాన్ భాష కూడా నడుస్తుంది. 1218లో పుట్టిన విశ్వవిద్యాలయం ఉన్న సాలమాంకా, లేదా వయ్యదొలీద్ మేలు. ఖర్చు తగ్గాలంటే గ్వాటెమాలాలోని ఆంతిగ్వాలో ఒక్క విద్యార్థికి ఒక్క టీచరు పద్ధతి ఉంది, దగ్గరి ఇళ్లలోనే బస దొరుకుతుంది. స్పెయిన్ స్వల్పకాల వీసాతో 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి, దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. తోటి తెలుగువాళ్లతో ఒకే గది తీసుకుంటే తెలుగే మెరుగవుతుంది, కాబట్టి స్థానిక కుటుంబంలోనే దిగాలి. శాకాహారులు 'మాంసం వద్దు' అని మాత్రమే చెబితే సలాడ్ మీద ట్యూనా చేప వస్తుంది. మాంసం, చేప, హామోన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ మాంసం) అని మూడూ పేరు పేరునా వద్దనాలి, సూపు దేంతో కాచారో అడగాలి. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే.

చివరగా గ్రంథాలయాల అధికారులకు ఒక విన్నపం. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. కృష్ణా, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లోని గ్రంథాలయాలు వారానికి రెండు సాయంత్రాలు, ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, ఒక గది ఇస్తే చాలు. ఎ1 పూర్తయినవారు పది మంది దాకా చేరి, ఒక అంశం ముందే అనుకుని, మాట్లాడుకునే చోటు అవుతుంది. పఠనమందిరానికి శబ్దం తగలని గది కావాలి. ఒక బోర్డు, రెండు నిఘంటువులు, పాట వినిపించే చిన్న స్పీకరు ఉంటే సరిపోతుంది. టీచర్లను మేమే వంతులవారీగా పంపుతాం.

ఇట్లు,
కొందరు స్పానిష్ అధ్యాపకులు,
మొగల్రాజపురం, విజయవాడ