నోటిఫికేషన్‌లో మా డిగ్రీ పేరు ఎక్కడుందండీ?

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది ఏలూరు వన్ టౌన్. నేను ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ చేశాను. ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఆ పేరు కనబడకే ఈ ఉత్తరం రాస్తున్నాను. 2020 డిసెంబరు 5 గురించి మా వీధుల్లో ఎవరినడిగినా ఇప్పటికీ నిన్ననే జరిగినట్టు చెబుతారు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోవడం, ఫిట్స్, నోట్లో నురగ. కాసేపటికి లేచి కూర్చుని "నాకేమైంది?" అని అడగడం. కొద్ది రోజుల్లోనే దాదాపు 600 మంది ఆస్పత్రి పాలయ్యారు. పేపర్లు "వింత వ్యాధి" అని పేరు పెట్టాయి. అప్పుడు నేను బీఎస్సీ ఆఖరి సంవత్సరం.

డాక్టర్లు చేయాల్సింది చేశారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికొచ్చేశారు. తేలనిదల్లా ఇది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాల వైపు చూపించింది. పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అందరూ వచ్చారు. కాకపోతే మేం పడ్డాక వచ్చారు. అంతకు ముందు నెల మా రక్తంలో సీసం ఎంతుందని ఎవరు కొలిచారు? మేం తినే వంకాయల మీద మందు ఎంతుందని ఎవరు చూశారు? ముందటి లెక్క లేనప్పుడు, తర్వాతి లెక్క ఎక్కువో తక్కువో దేంతో పోల్చి చెప్పాలి? ఈ అనుమానమే నన్ను హైదరాబాద్‌లో ఎంపీహెచ్‌కి పంపింది.

చేరుతున్నానంటే మా పిన్ని, "పబ్లిక్ హెల్త్ అంటే మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్ళని కదే అంటారు, దానికి పీజీ ఎందుకే?" అంది. ఆవిడ తప్పేం లేదు, పారిశుధ్య కార్మికులను మున్సిపాలిటీలో పిలిచేది ఆ పేరుతోనే. ఆ మాటకొస్తే పొద్దున్నే లేచి ఊరి ఆరోగ్యం చూసేది వాళ్ళే, మేం దాని గురించి చదువుకుంటామంతే.

ఏం చదివామో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక పేటలో విరేచనాలు మొదలయ్యాయనుకోండి. ఆస్పత్రిలో సెలైన్ పెడతారు. మాకు నేర్పింది లిస్టు రాయడం. పేరు, వయసు, ఏ పూట మొదలైంది, ఏ కుళాయి నీళ్ళు, ముందు రోజు ఎక్కడ తిన్నారు. తర్వాత వీధుల మ్యాపు మీద ఇంటికో చుక్క. చుక్కలన్నీ ఒకే వాల్వు కిందికి వస్తే ఆ లైన్ తవ్వించాలి.

2023లో ప్రాజెక్టు కోసం ఒక టౌనుకి వెళ్ళాను, ఊరి పేరు వద్దులెండి. తెల్లారి ఐదున్నరకి నీళ్ళు వదిలారు. ప్రెషర్ చాలక జనం కుళాయి దగ్గర మోకాలి లోతు గుంట తవ్వుకుని, పైపు కోసి, అందులో బిందె దించుకుంటున్నారు. గుంటకి జానెడు దూరంలో మురిక్కాలవ. నీళ్ళు ఆగిపోయాక ఆ గుంటలో నిలిచిన మురికి ఖాళీ పైపులోకి వెనక్కి పోతుంది. మర్నాడు మొదటి బిందెలో అదే. నేను గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, క్లోరిన్ ఉందో లేదో చూసే ఓటీ (ఆర్థోటాలిడిన్) మందు చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన తాగునీటి ప్రమాణం చెబుతుంది. నా గొట్టంలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. నీళ్ళు వదిలే ఆయన్ని అడిగితే, "ట్యాంకు దగ్గర వచ్చింది కదమ్మా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ట్యాంకు దగ్గర పసుపు రంగు నిజంగానే వచ్చింది, నేనూ చూశాను.

పైపు ఇంజినీరింగ్ వాళ్ళది, కాలవ పారిశుధ్యం వాళ్ళది, విరేచనాలు పట్టుకున్న మనిషి మీ శాఖ వాళ్ళ వంతు. గుంట ఎవరిది? అది చూడగలిగిన చదువు మాది.

ఇక ఉద్యోగం సంగతి. నేను చూసిన మున్సిపల్, మండల స్థాయి నోటిఫికేషన్లలో మా డిగ్రీ పేరు కనబడలేదు. ఒకసారి ఆన్‌లైన్ ఫారంలో "ఇతరములు" నొక్కి పంపితే "అర్హత లేదు" అని వచ్చింది. ఫోన్ చేస్తే "మెడికలా, నాన్ మెడికలా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక ఒక్క క్షణం ఆగేసరికి అవతల ఫోన్ పెట్టేశారు. వ్యాధుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ కార్యక్రమం ఐడీఎస్పీలో ఎపిడమియాలజిస్ట్ (జబ్బు ఎక్కడ మొదలై ఎలా పాకిందో వెతికేవాళ్ళు) పోస్టు ఉంది కదా అంటారేమో. ఉంది, జిల్లాకి ఒకటి, అదీ కాంట్రాక్టు. నేనిప్పుడు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఆస్పత్రి బిల్లులు సరిచూస్తున్నాను. జబ్బు రాకుండా చూడటం నేర్చుకుని, వచ్చాక ఎంతయిందో లెక్కేస్తున్నానన్న మాట.

కొత్త చట్టాలేమీ అడగడం లేదు సార్. మద్రాసు రాష్ట్రం నాటి 1939 ప్రజారోగ్య చట్టం కోస్తా జిల్లాలకి వర్తించేదే, అందులో హెల్త్ ఆఫీసర్ల గురించి ఉంది. ప్రతి రాష్ట్రానికీ ప్రజారోగ్య కేడర్, అంటే ఆ పనికే ప్రత్యేకంగా ఉద్యోగుల విభాగం, ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలోనూ రాశారు. పక్కనే తమిళనాడులో అలాంటి కేడర్ పని చేస్తోంది, ఎలా నడుస్తోందో ఒక్క టీముని పంపి చూడమనండి.

నేను అడిగేది చిన్నది. వచ్చే నోటిఫికేషన్లో అర్హతల గడిలో ప్రజారోగ్యం, పర్యావరణ ఆరోగ్యం డిగ్రీల పేర్లు రాయించండి. మొదట మున్సిపాలిటీకి ఒకరు చాలు, పైపుల వాళ్ళనీ కాలవల వాళ్ళనీ పీహెచ్‌సీ వాళ్ళనీ నెలకోసారి ఒక గదిలో కూర్చోబెట్టే అధికారంతో. ఉద్యోగం కనబడితే ఇంటర్ బైపీసీ పిల్లలు ఈ చదువు పేరు వాళ్ళే కనుక్కుంటారు. అప్పుడు మన ప్రభుత్వ కాలేజీల్లోనే డిగ్రీ కోర్సుగా పెట్టండి, ఉద్దానం కిడ్నీ జబ్బుల ఊళ్ళలోనో కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఊళ్ళలోనో కనీసం ఆర్నెల్లు ఉండి నేర్చుకునేలా.

మా వీధి చివర కూడా అలాంటి కుళాయి గుంట ఒకటుంది. ఓటీ సీసా మా ఇంట్లోనే ఉంది, సెలవులకి వచ్చినప్పుడల్లా చూస్తుంటాను. మీరు ఏలూరు వచ్చినప్పుడు కలెక్టరేట్ మీటింగుకి ముందు ఒక్క పది నిమిషాలు ఇటు రండి. కాకపోతే ఆరు లోపు రావాలి, ఆ తర్వాత నీళ్ళు కట్టేస్తారు.

ఇట్లు
ఏలూరు నుంచి ఒక ఎంపీహెచ్ పట్టభద్రురాలు